మాట తట్టకపోవడం: వయసు, మెదడు, సామాజిక జీవితం

అరవై దాటిన కవుల నోట, కథకుల నోట, తెలుగు పాఠం చెప్పి రిటైరైన మాస్టర్ల నోట తరచు వినబడే ఫిర్యాదు ఒకటుంది: "ఇదివరకటిలా మాట తట్టడం లేదు." దీనికి సాధారణంగా రెండు రకాల సమాధానాలు దొరుకుతాయి. "వయసు మీద పడింది, ఇక అంతే" అనేది మొదటిది. "రోజూ గళ్ళనుడికట్టు నింపు, మెదడుకు పదును పెట్టు, అదే సర్దుకుంటుంది" అనేది రెండోది. మొదటి సమాధానం మనిషిని పూర్తిగా శరీరధర్మానికి అప్పగించి చేతులు దులుపుకుంటుంది. రెండోది సమస్యనంతటినీ వ్యక్తి క్రమశిక్షణకు కుదిస్తుంది. ఆ మనిషి ఎలాంటి జీవితం గడిపాడు, ఏ పని చేశాడు, ఎవరితో ఏ భాషలో మాట్లాడాడు అనే ప్రశ్నలను పక్కన పెడుతుంది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కాని ఆ కొంత నిజాన్నే మొత్తం నిజమని నమ్మితే నష్టపోయేది ముసలివాళ్ళు, వాళ్ళతోపాటు వాళ్ళు ఇంతకాలం మోసుకొచ్చిన భాష.

భాషే పనిముట్టుగా బతికే మనం, ఆ పనిముట్టు మెదడులో ఎలా పనిచేస్తుందో కొంతైనా తెలుసుకోవాలి. నేను వైద్యుణ్ణి కాను, సాహిత్య విద్యార్థిని. తార్నాకలో చాలా ఏళ్ళుగా ఉంటున్నవాణ్ణి. ఉస్మానియా క్యాంపస్ నాకు నడిచివెళ్ళే దూరం. హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో ప్రపంచమంతటా చర్చించదగ్గ సాక్ష్యంగా నిలిచింది. అందులో ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకూ భాగం ఉంది. మన పక్కనే జరిగిన ఈ పని సాహిత్య విద్యార్థుల్లో ఎక్కువమందికి చేరలేదు. దాన్ని పరిచయం చేస్తూ, దాని వెలుగులో మన పనిని మనం చూసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పోయింది మాట కాదు, దారి

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. మాట తెలియకపోవడం వేరు, తెలిసిన మాట సమయానికి అందకపోవడం వేరు. రెండోదాన్ని తెలుగువాళ్ళు "నోట్లోనే ఉంది, రావడం లేదు" అంటారు, "నాలిక చివర ఆడుతోంది" అంటారు. ఇది ప్రతి భాషలోనూ, ప్రతి వయసులోనూ ఉన్న అనుభవమే.

అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఈ స్థితిని వర్ణించాడు. మాట దొరకనప్పుడు మనసులో ఏర్పడే ఖాళీ ఉత్త ఖాళీ కాదని ఆయన గమనించాడు. ఎవరైనా వేరే మాట అందిస్తే ఆ ఖాళీ దాన్ని తోసిపుచ్చుతుంది. అంటే దానికొక ఆకారం ఉంది. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు ఈ విషయాన్ని ప్రయోగానికి పెట్టారు. అరుదైన పదాల నిఘంటు అర్థాలను విద్యార్థులకు చదివి వినిపించి, పదం చెప్పమన్నారు. పదం నాలిక చివర ఆగిపోయినవాళ్ళలో చాలామంది ఆ పదం మొదటి అక్షరం చెప్పగలిగారు, ఎన్ని అక్షరభాగాలున్నాయో చెప్పగలిగారు, పదాన్ని మాత్రం చెప్పలేకపోయారు.

దీన్నిబట్టి తేలేదేమిటి? మాట మన తలలో ఒకే ముద్దగా లేదు. అర్థం ఒకచోట, ధ్వని మరొకచోట ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మనం ముందు అర్థాన్ని పట్టుకుంటాం, తర్వాత దాని ధ్వనిరూపాన్ని పిలుచుకుంటాం. ఈ రెండు మెట్ల పని సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది కాబట్టి మనకు తెలియదు. మొదటి మెట్టు ఎక్కి రెండో మెట్టు దగ్గర ఆగిపోయినప్పుడే తెలుస్తుంది. అప్పుడు మనం "అదే, అదేదో, ఏమిటదీ" అంటూ చేతులు ఆడిస్తాం. ఆ చేతులు చెప్పేది ఒకటే: అర్థం భద్రంగా ఉంది, దారి మూసుకుంది.

2. వయసు ఏం చేస్తుంది?

వయసుతోపాటు పదసంపద తరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. వాస్తవం దీనికి దాదాపు వ్యతిరేకం. పదాల అర్థాలు అడిగే పరీక్షల్లో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు యువకులకు తీసిపోరు. చాలాసార్లు వాళ్ళదే పైచేయి. తగ్గేది పదాల నిల్వ కాదు, నిల్వలోంచి మాటను బయటికి తీసే వేగం, ఖచ్చితత్వం.

దీనికి 1991లో డెబొరా బర్క్, డొనాల్డ్ మెకే బృందం ఒక వివరణ ఇచ్చింది. ఒక అర్థానికి చుట్టూ ఎన్నో దారులుంటాయి. "నాగలి" అనగానే ఎడ్లు, దుక్కి, తొలకరి, చాలు, రైతు, అన్నీ కలిసి ఆ అర్థాన్ని లేపుతాయి. ఒక దారి సన్నబడినా మిగతావి ఆదుకుంటాయి. కాని అర్థం నుంచి ధ్వనికి వెళ్ళే దారి ఇరుకు. "నా-గ-లి" అనే ఆ మూడు అక్షరాలకు చేరడానికి అడ్డదారులు లేవు. ఆ ఇరుకుదారి మూడు కారణాల వల్ల బలహీనపడుతుంది: వయసు, చాలాకాలం వాడకపోవడం, అసలే అరుదైన మాట కావడం. మూడూ కలిసినచోట మాట ఆగిపోతుంది.

మనుషుల పేర్లు అన్నిటికంటె ముందు ఎందుకు జారిపోతాయో కూడా ఈ వివరణతో అర్థమవుతుంది. ఒక కొత్త మనిషిని చూపించి "ఈయన తోటపని చేస్తాడు" అని చెప్తే ఆ సంగతి గుర్తుంటుంది. అదే మనిషిని చూపించి "ఈయన ఇంటిపేరు తోట" అని చెప్తే మరిచిపోతాం. మాట ఒకటే. మొదటి సందర్భంలో దానికి మట్టి, చెట్లు, నీళ్ళు, పార అన్నీ తోడున్నాయి. రెండో సందర్భంలో దానికి ఏ అర్థమూ అంటుకోలేదు, ఒంటరిగా వేలాడుతోంది. ఇంగ్లీషు ఇంటిపేర్లతో ఇదే తేడాను 1987లో ప్రయోగపూర్వకంగా చూపించారు. పేరు మరిచిపోయిన ముసలాయనను చూసి "మనల్నే మరిచిపోయాడు" అని నొచ్చుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన మిమ్మల్ని మరవలేదు. మీ పేరుకున్న ఒంటిదారి మూసుకుంది, అంతే.

మెదడు చిత్రాలు తీసి చూసినవాళ్ళు దీనికి భౌతిక ఆధారం కూడా చూపారు. మెదడు ఎడమ సగంలో, పక్క మడతల లోపల ఇన్సులా అనే భాగం ఉంది. వయసుతో ఆ భాగంలో బూడిదరంగు పదార్థం తగ్గేకొద్దీ మాట నాలిక చివర ఆగిపోవడం ఎక్కువవుతోందని 2007లో మెరెడిత్ షాఫ్టో బృందం ప్రకటించింది. ఇది ధ్వనిరూపాన్ని కూర్చడానికి సంబంధించిన భాగమని ఇతర పరిశోధనలు చెప్తున్నాయి. అర్థాలను మోసే భాగాలు వేరు.

ఇంకో వాదన కూడా ఉంది. 2014లో మైకెల్ రామ్‌స్కార్ బృందం, వృద్ధుల నెమ్మదికి కొంత కారణం వాళ్ళ దగ్గర వెతకవలసిన సరుకు ఎక్కువ కావడమేనని కంప్యూటర్ నమూనాలతో వాదించింది. పది పుస్తకాల బీరువాలో వెతకడం, పదివేల పుస్తకాల గ్రంథాలయంలో వెతకడం ఒకటి కాదు గదా! ఈ వాదన అందరూ ఒప్పుకున్నది కాదు. నరాల్లో వచ్చే మార్పులను ఇది తుడిచివేయలేదు. అయినా నెమ్మదినంతటినీ క్షీణతగా లెక్కకట్టడం సరికాదన్న హెచ్చరికగా ఇది పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మామూలు వార్ధక్యంలో ధ్వని అందదు, అర్థం ఉంటుంది. మొదటి అక్షరం అందిస్తే చాలాసార్లు మాట బయటికి వస్తుంది. జబ్బులో అర్థమే చెదురుతుంది. అట్లకాడ పేరు తట్టకపోవడం వయసు. అట్లకాడను చేతిలో పట్టుకుని అది ఎందుకో తెలియక నిలబడిపోవడం డాక్టరుకు చూపించవలసిన లక్షణం. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, కుంగుబాటు, కొన్ని మందులు కూడా మాటను మందగింపజేస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఉన్నట్టుండి మాట పడిపోతే, మూతి వంకరపోతే అది పక్షవాతం కావచ్చు. అప్పుడు నిమిషం కూడా ఆలస్యం చెయ్యకూడదు.

3. హైదరాబాదు చెప్పిన సాక్ష్యం

జీవితకాలంలో మెదడు చేసిన పని, ముసలితనంలో దాన్ని కాపాడుతుందా? 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం చనిపోయిన కొందరు వృద్ధుల మెదళ్ళను పరీక్షించినప్పుడు ఒక వింత కనబడింది. కొన్ని మెదళ్ళలో అల్జైమర్ వ్యాధి గుర్తులు పుష్కలంగా ఉన్నాయి. కాని ఆ మనుషులు బతికినన్నాళ్ళూ చక్కగా ఆలోచించారు. జబ్బు వచ్చినా మనిషి పడిపోకుండా నిలబెట్టిందేదో ఉంది. దానికి యాకోవ్ స్టెర్న్ తదితరులు జ్ఞాననిధి అనే అర్థంలో ఒక పేరు పెట్టి, చదువు, వృత్తి, తీరిక వేళల్లో చేసే మేధోకృషి ఆ నిధిని పెంచుతాయని చెప్పారు.

ఈ నిధిలో ఎవరికి వాటా? చదువుకున్నవాళ్ళకేనా? రాతకోతలు తెలియని వాళ్ళ మెదడు ఏ పనీ చెయ్యలేదనా? ఈ ప్రశ్నకు హైదరాబాదు నుంచి సమాధానం వచ్చింది.

2007లో కెనడాలోని టొరాంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం, రెండు భాషలు మాట్లాడుతూ బతికినవాళ్ళలో డిమెన్షియా నాలుగేళ్ళు ఆలస్యంగా బయటపడుతోందని చెప్పింది. డిమెన్షియా అంటే జ్ఞాపకం, భాష, వివేచన క్రమంగా దెబ్బతిని రోజువారీ బతుకు కష్టమయ్యే స్థితి. విమర్శకులు వెంటనే అడిగారు: అక్కడ రెండు భాషల వాళ్ళలో ఎక్కువమంది వలసవచ్చినవాళ్ళు, తేడా వలస వల్లనో చదువు వల్లనో వచ్చి ఉండవచ్చు గదా? ఆ చిక్కుముడి విప్పడానికి, వలస రాకుండానే, బడికి పోకుండానే జనం రెండు మూడు భాషలు మాట్లాడే ఊరు కావాలి. అలాంటి ఊరు మనదే.

నిమ్స్ ఆస్పత్రిలో అప్పటి న్యూరాలజీ ఆచార్యులు సువర్ణ అల్లాడి నాయకత్వంలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. వాళ్ళలో 391 మంది రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలవాళ్ళు. ఎక్కువగా తెలుగు, ఉర్దూ లేక దక్కనీ, హిందీ, ఇంగ్లీషు. ఈ బృందంలో ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి బాపిరాజు సూరంపూడి, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ ఉన్నారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒకే భాష మాట్లాడేవారికి జబ్బు లక్షణాలు సగటున 61 ఏళ్ళ ప్రాంతంలో మొదలైతే, రెండు భాషలవారికి నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు, వృత్తి, పల్లె-పట్నం తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ తేడా నిలిచింది. నిరక్షరాస్యుల్లోనూ ఈ తేడా కనబడింది. మన చర్చకు అతి ముఖ్యమైన ఫలితం ఇదే.

దీని అర్థాన్ని కాస్త నిదానంగా గ్రహించాలి. తార్నాక అనే పేరునే చూడండి. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ, రెండూ కలిసి ఊరిపేరైందని ఇక్కడివాళ్ళు చెప్తారు. ఈ చౌరస్తాలో పళ్ళ బండి పెట్టుకున్న మనిషి ఒకే పావుగంటలో ఒకరితో తెలుగు, ఒకరితో దక్కనీ, క్యాంపస్‌కు వచ్చిన ఉత్తరాది విద్యార్థితో హిందీ మాట్లాడతాడు. ఒక భాషలో నోరు తెరిచినప్పుడల్లా మెదడు రెండోదాన్ని ఆపి ఉంచాలి, ఎదుటి మనిషిని చూసి మళ్ళీ మార్చాలి. జీవితమంతా నిలకడగా సాగే మేధోశ్రమ ఇది. దీనికి పట్టా లేదు, జీతం లేదు, దీన్ని మేధోశ్రమగా ఎవరూ లెక్కపెట్టలేదు. చేతిశ్రమ, బుద్ధిశ్రమ అని మనం గీసుకున్న గీత ఎంత నకిలీదో ఈ లెక్క చూపిస్తోంది.

అయితే రెండు భాషలు మాట తట్టడాన్ని తేలిక చేస్తాయని దీనర్థం కాదు. తామర్ గోలన్ తదితరుల ప్రయోగాల్లో రెండు భాషలవాళ్ళకే మాట నాలిక చివర ఎక్కువసార్లు ఆగిపోతుందని తేలింది. కాలం రెండు భాషల మధ్య పంచబడుతుంది కాబట్టి ఒక్కో మాటకూ వాడకం తగ్గుతుంది. లాభం కనబడేది వేరేచోట, దృష్టిని నిలపడంలో, మార్చుకోవడంలో. 2016లో అదే హైదరాబాదు బృందం పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలను ప్రకటించింది. తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒక భాషవాళ్ళలో 19.6 శాతం. కాని మాట దెబ్బతినడం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే.

ఈ సాక్ష్యానికి హద్దులున్నాయి. ఇది ఆస్పత్రికి వచ్చినవాళ్ళ లెక్క. రానివాళ్ళు దీనిలో లేరు. న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించి 2014లో ఫలితాలు ప్రకటించినవాళ్ళకు, రెండు భాషల వల్ల డిమెన్షియా తగ్గినట్టు కనబడలేదు. చర్చ ముగియలేదు. కాని మెదడుకు పని బడిలోనే దొరుకుతుందన్న భ్రమను హైదరాబాదు లెక్క గట్టిగానే కదిలించింది.

4. పరీక్ష ఎవరి మాటలను అడుగుతుంది?

మాట తట్టడాన్ని కొలిచే పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. బొమ్మ చూపించి పేరు చెప్పమనడం ఒకటి. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టడం రెండోది. 1983లో వచ్చిన ప్రసిద్ధమైన బోస్టన్ పరీక్షలో అరవై బొమ్మలున్నాయి. వాటిలో మంచుగడ్డలతో కట్టిన ఇగ్లూ ఉంది, ఉత్తర అమెరికా నదుల్లో ఉండే బీవర్ ఉంది. వీటి పేర్లు తట్టకపోతే అది మెదడు లోపమా, భూగోళం లోపమా?

మా పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి. నల్లగొండ జిల్లాలో నేతకారుల ఇంట పుట్టి, నేతకారుల ఇంటికి కోడలై వెళ్ళి, ఆసు పోసీ పోసీ భుజాలు అరగదీసుకుంది. బడి మొహం చూడలేదు. మాట తడబడుతోందని ఇంట్లోవాళ్ళు ఒక ఆస్పత్రికి తీసుకువెళ్తే అక్కడ బొమ్మల కార్డులు చూపించారు. పియానోను చూసి "పెట్టె" అంది. ఖడ్గమృగం దగ్గర ఆగిపోయింది. పదాలు తగ్గాయని కాగితం మీద రాసుకున్నారు. తర్వాత ఒకరోజు నేను ఆమెను మగ్గం సంగతులు అడిగాను. పడుగు, పేక, ఆసు, రాట్నం, కండె, అచ్చు, గంజి... ఏకరువు పెట్టింది. ఒక్కచోట ఆగింది. "గదేందిరా, నోట్లెనే ఉన్నది, బయటికొస్తలేదు" అంటూ కుడిచెయ్యి అటూ ఇటూ విసిరింది. నేను అందించలేదు. కాసేపటికి "నాడె" అని నవ్వింది. ఆ ఒక్క తడబాటు వయసుది. కార్డుల దగ్గరి తడబాట్లు ఆమె ఎన్నడూ చూడని ప్రపంచానివి. రెంటినీ ఒకే అంకెలో కలిపితే మనిషి గురించి తెలిసేది తక్కువ.

శాస్త్రం ఈ విమర్శను పట్టించుకోలేదని అనలేం. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో, అక్షరాస్యులకూ నిరక్షరాస్యులకూ పనికొచ్చేలా పరీక్షల సంపుటిని తయారు చేయించింది. ఇది మంచి అడుగు. ఇది జిల్లా ఆస్పత్రుల దాకా, వృత్తిపదాల దాకా వెళ్ళాలి.

అవసరం చిన్నదేమీ కాదు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. మగవాళ్ళకంటె ఆడవాళ్ళలో, పట్నాలకంటె పల్లెల్లో ఎక్కువ. చదువు అందనివాళ్ళలో ఎక్కువ. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం డిమెన్షియా ముప్పును పెంచే పద్నాలుగు కారణాలను లెక్కించింది. చిన్నతనంలో చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, షుగర్, కలుషితమైన గాలి, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. వీటన్నిటినీ తొలగించగలిగితే సగానికి కాస్త తక్కువ, సుమారు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వెయ్యడమో సాధ్యమని ఆ సంఘం అంచనా. ఈ జాబితాలో వ్యక్తి ఒక్కడే తన ఇష్టంతో మార్చుకోగలిగినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి.

5. మేధోవ్యాయామం: ఎంత నిజం?

ఇప్పుడు గళ్ళనుడికట్టు సంగతికి వద్దాం. 2003లో న్యూయార్కులో 75 దాటిన 469 మందిని గమనించిన జో వర్గీస్ బృందం, చదవడం, బల్లమీద ఆటలు ఆడటం, వాద్యం వాయించడం, నృత్యం చెయ్యడం అలవాటున్నవారిలో డిమెన్షియా తక్కువని చెప్పింది. 2013లో షికాగోలో రాబర్ట్ విల్సన్ బృందం, చనిపోయిన తర్వాత మెదళ్ళను పరీక్షించిన 294 మంది విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసింది. మెదడులో జబ్బు గుర్తులు ఒకే మోతాదులో ఉన్నా, చిన్నప్పటినుంచీ ముసలితనం దాకా చదువుతూ రాస్తూ ఉన్నవాళ్ళలో జ్ఞాపకం నెమ్మదిగా తగ్గింది.

ఇక్కడ కార్యకారణాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. చదవడం వల్ల మెదడు నిలిచిందా, మెదడు నిలిచింది కాబట్టి చదవగలిగారా? డిమెన్షియా బయటపడటానికి ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతుంది. ఆ మొదటి దశలోనే మనిషి పుస్తకం పక్కన పెట్టి ఉండవచ్చు. ఇది తేల్చాలంటే మనుషులను చీటీలు తీసినట్టు విభజించి, కొందరికి శిక్షణ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూడాలి. అమెరికాలో 65 దాటిన 2,832 మందితో అలాంటి ప్రయోగం జరిగింది. 2002లో ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకంలో శిక్షణ పొందినవాళ్ళకు జ్ఞాపకం, తర్కంలో పొందినవాళ్ళకు తర్కం, వేగంలో పొందినవాళ్ళకు వేగం మెరుగుపడ్డాయి. ఒకదాని లాభం రెండోదానికి పాకలేదు. అంటే గళ్ళనుడికట్టు నింపేవాడు ప్రధానంగా గళ్ళనుడికట్టులోనే నేర్పరి అవుతాడు. మాట్లాడేటప్పుడు మాట తట్టాలంటే మాట్లాడాలి, రాసేటప్పుడు తట్టాలంటే రాయాలి.

ధ్వనిదారి గురించి బర్క్ చెప్పిన వివరణ కూడా ఇటే చూపుతుంది. 2000లో ఆమె, లోరీ జేమ్స్ చేసిన ప్రయోగంలో, దొరకని మాటతో ధ్వనులు పంచుకునే వేరే మాటలను పలికించినప్పుడు ఆ మాట దొరకడం పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు మన యతిప్రాసలు, పొడుపుకథలు, అంత్యాక్షరి గుర్తుకొచ్చాయి. ధ్వనిని పట్టుకుని మాటను లాగడం మన మౌఖిక సంస్కృతికి అలవాటైన పనే. వాటిని మందుగా నేను చెప్పడం లేదు. కాని ముసలివాళ్ళు పిల్లలతో పొడుపుకథలు విప్పించడంలో వినోదానికి మించినదేదో ఉందనుకోవడానికి ఆధారం ఉంది.

శరీరాన్ని కూడా మరవరాదు. 2018లో బర్మింగ్‌హామ్‌లో కాట్రియన్ సెగార్ట్ బృందం, ఊపిరి, గుండె దృఢంగా ఉన్న వృద్ధులకు మాట నాలిక చివర ఆగడం తక్కువని గమనించింది. ఉదయం ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద నడిచే వృద్ధులు నడక, కబుర్లు రెండూ ఒకేసారి చేస్తారు. నా దృష్టిలో అది గదిలో ఒంటరిగా నింపే గళ్ళకంటె మేలు. కాని ఆ నడకకు తీరిక కావాలి, చెట్లుండే నేల కావాలి. పొద్దున్నే ఇళ్ళల్లో అంట్లు తోమడానికి బస్సు దిగే అరవయ్యేళ్ళ ఆడమనిషికి ఆ తీరిక ఎవరిచ్చారు?

మేధోకృషి కవచం కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఐరిస్ మర్డోక్ తత్వశాస్త్రం బోధించిన మనిషి, ఇరవైకి పైగా నవలలు రాసిన రచయిత్రి. ఆమె చివరి నవల 'జాక్సన్స్ డైలమా' 1995లో వచ్చింది. 1999లో అల్జైమర్ వ్యాధితో ఆమె చనిపోయింది. 2005లో పీటర్ గారర్డ్ బృందం ఆ నవలను ఆమె మొదటి నవలతో, 1978 నాటి 'ది సీ, ది సీ'తో పోల్చి చూసింది. చివరి నవలలో వాక్యనిర్మాణం పెద్దగా చెడలేదు. పదవైవిధ్యం మాత్రం తగ్గింది, అరుదైన మాటల స్థానంలో అందరూ వాడే మాటలు చేరాయి. జబ్బు నిర్ధారణ కాకముందే ఆమె రచనలో ఆ జాడ ఉంది. అంత చదివి, అంత రాసినా జబ్బు రాక మానలేదు. కాబట్టి జబ్బుపడిన రచయితను "సాధన మానేశాడు, అందుకే" అని నిందించే హక్కు ఎవరికీ లేదు.

6. వాడని మాటకు పట్టే గతి

మెదడులో వాడని దారి మూసుకుపోయినట్టే సమాజంలోనూ మూసుకుపోతుంది. ఈ పోలిక అలంకారం కోసం చెప్పడం లేదు. మనిషికి మాట తట్టాలంటే ఆ మాటను ఎవరో ఒకరు ఆయనతో అంటూ ఉండాలి.

ఉస్మానియా క్యాంపస్ చరిత్రే దీనికి ఉదాహరణ. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఈ విశ్వవిద్యాలయం కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. వైద్యం నుంచి గణితం దాకా వందల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది, వేల పారిభాషిక పదాలను కల్పించింది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఆ పదాలతో చదువుకున్న తరానికి వాటితో మాట్లాడే మనుషులు కరువయ్యారు. వాళ్ళ తలల్లో ఆ దారులు వయసు వల్ల మాత్రమే మూసుకున్నాయనగలమా?

దీనికి భిన్నమైన పని కూడా మన దగ్గర జరిగింది. 1962 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులుగా ఉన్న భద్రిరాజు కృష్ణమూర్తి, రైతులను అడిగి సేకరించిన మాటలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని, వ్యవసాయ పదాలతో, 1962లో తెచ్చారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. మేడి, కర్రు, నొగలు, కాడి వంటి మాటలు ఒక్కొక్క ప్రాంతంలో ఏ రూపంలో ఉన్నాయో ఆ సంపుటాలు చూపిస్తాయి. ఆ మాటలు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. వాళ్ళను సమయానికి అడిగినందువల్ల మాటలు మిగిలాయి. ట్రాక్టరు వచ్చాక నొగలు అనే మాటకు పొలంలో పని లేదు. ఆ మాట తెలిసిన ముసలాయనకు దాన్ని పలికే అవసరం ఇంట్లోనూ లేదు. వయసు ఆయన ధ్వనిదారిని సన్నబరుస్తుంటే, మార్పు ఆ దారిలో నడిచేవాళ్ళను మాయం చేస్తుంది.

7. మన పని

ఈ చర్చ నుంచి రచయితలూ సాహిత్య విద్యార్థులూ తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, వినే పద్ధతి. వృద్ధులు మాట కోసం ఆగినప్పుడు మనం తొందరపడి అందిస్తాం, ఎక్కువగా మన మాటనే అందిస్తాం. ఆమె "నాడె" కోసం వెతుకుతుంటే మనం "షటిల్" అంటాం. ఆమె తలూపుతుంది, సంభాషణ సాగుతుంది, మాట పోతుంది. కాసేపు ఆగడం వాళ్ళపట్ల మర్యాద, భాషపట్ల బాధ్యత కూడా. మరీ ఇబ్బంది పడుతుంటే మొదటి అక్షరం అందించండి, లేదా ఆ పని గురించి అడగండి. పని తన మాటను లాక్కొస్తుంది.

రెండోది, పాత్రచిత్రణ. మన కథల్లో మాట తడబడే ముసలివాళ్ళు సాధారణంగా నవ్వులపాలవుతారు, లేదా జాలిబొమ్మలవుతారు. తడబాటు వెనక చెక్కుచెదరని అర్థం ఉన్నదని తెలిసిన రచయిత ఆ పాత్రను అలా రాయడు. జబ్బునూ వయసునూ కలగాపులగం చెయ్యడు.

మూడోది, సేకరణ. ప్రతి తెలుగు శాఖలో విద్యార్థి తన ఇంటి పెద్దవాళ్ళ వృత్తిపదాలను వాళ్ళ ఉచ్చారణలో నమోదు చెయ్యడం పాఠ్యక్రమంలో భాగం కావాలి. పెద్దవాళ్ళకు తమ మాటలతో మాట్లాడే సందర్భం దొరుకుతుంది, భాషకు మాటలు మిగులుతాయి. ఆ సేకరణ రేపు డాక్టర్లకు మన బతుకుల్లోంచి వచ్చిన పరీక్షలు తయారు చెయ్యడానికి కూడా పనికొస్తుంది.

నాలుగోది, ఇది సొంత సాధనకు మించిన సంగతి అని గుర్తించడం. అందరికీ బడి, వృద్ధులకు వినికిడి యంత్రం, కంటి అద్దాలు, రక్తపోటుకు క్రమంగా మందు, నడవడానికి చోటు, వాడలో గ్రంథాలయం. మాట తట్టడానికి అవసరమైనవి ఇవన్నీ. గళ్ళనుడికట్టు నింపేవాళ్ళు నింపుకోవచ్చు. కాని ఒక ముసలి రైతుకు, ఒక నేతకారిణికి, ఒక రిటైరైన మాస్టరుకు ముందుగా కావలసింది తమ మాటను తమతో మాట్లాడే మనిషి.